వరద తీశాక

27 సెప్టెంబర్ 2025, శనివారం

రాత్రంతా టీవీలో మూసీయే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు జొరబడి ప్రయాణికులు చిక్కుకుపోయారు. చాదర్‌ఘాట్ లో లెవెల్ వంతెన, మూసారాంబాగ్ వంతెన మూసేశారు.

రిటైరై చాలాకాలమైనా చూపు మారలేదు. అందరూ నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయని చూస్తుంటే నేను వంతెన కాళ్ల ముందు, అంటే పియర్ల ముందు, సుడులు చూస్తున్నాను. పియర్‌కు ఎదురుగా తగిలిన నీరు పక్కలకే పోదు, కొంత నిలువునా కిందికి దూకుతుంది. అడుగు తవ్వుతుంది. తవ్విన ఇసుకను రెండు వైపులా లాక్కుపోతుంది. వంతెనకు జరిగే అసలు హాని అక్కడ. కెమెరాకు అందేది మాత్రం పైన కొట్టుకొస్తున్న ఫ్రిజ్జూ, ప్లాస్టిక్ డ్రమ్మూ.

28 సెప్టెంబర్, ఆదివారం

ఈ తేదీకి హైదరాబాద్‌లో ఉన్న బరువు ఇప్పటి పిల్లలకు తెలియదు. 1908లో మూసీ ఊరిని ముంచింది ఈ రోజే. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు విరిగో కొట్టుకుపోయో పనికిరాకుండా పోయాయి. నిలబడింది అన్నిటికంటే ముసలిది, పురానా పూల్.

1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. చార్మినార్‌కు 13 ఏళ్లు పెద్దది. కొడుకు తన ప్రియురాలు భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడని, తండ్రి భయపడి వంతెన వేయించాడని కథ. అప్పటికి ఆ కొడుక్కి పన్నెండు, పదమూడేళ్లు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దిక్కు సరుకు పోవాలంటే మూసీ దాటక తప్పదు, అంతకు మించి కారణం వెతకనక్కర్లేదు. కాకపోతే సరుకు బండ్ల మీద ఎవరూ పాట కట్టరు. ఫ్రాన్సు నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే దీన్ని చూసి పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు దాదాపు సమానమని మెచ్చుకున్నాడు.

నాకు నచ్చే విషయం వేరు. 1820 వరదలో ఇదీ దెబ్బతింది, సికందర్ జా మరమ్మతు చేయించాడు. పాత కట్టడం చెక్కుచెదరలేదని గొప్పలు పోతుంటాం. చెదిరింది. ఎవరో ఖర్చు పెట్టి మళ్లీ సరిచేశారు. నాలుగున్నర శతాబ్దాల ఆయుష్షులో ఆ మరమ్మతుల వాటా ఎంతో మన పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

1908 వరద మీద విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి లెక్క తీస్తే, మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడి, అది తెగి ఇంకోదాని మీద. ఆ రోజు ప్రవాహం నాలుగు లక్షల ఇరవై ఐదు వేల క్యూసెక్కులని ఆయన అంచనా. మొన్న జంట జలాశయాల నుంచి వదిలింది ముప్పై వేల పైచిలుకని పత్రికలు రాశాయి. అంటే 1908లో పదో వంతు కూడా కాదు. దానికే బస్టాండు మునిగింది. నది మారలేదు, నదికి మనం మిగిల్చిన దారి మారింది.

30 సెప్టెంబర్

పొద్దున్నే ఫోన్. జిల్లాలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) ఉన్న అమ్మాయి, నా దగ్గర ట్రైనింగులో పనిచేసింది. "సార్, మా దగ్గర నిజాం కాలం వంతెన ఒకటుంది. శుక్రవారం రాత్రి వాగు పైనుంచి పారింది. నిన్న చూసొచ్చా, బాగానే ఉంది. అయినా మనసొప్పడం లేదు. మీరొకసారి వస్తారా?"

మనసొప్పడం లేదు అన్నందుకే వెళ్తాను. బాగానే ఉంది అని ఊరుకునేవాళ్లకు లోటు లేదు.

వాగు పేరూ ఊరి పేరూ ఇక్కడ రాయను. మూసీలో కలిసే వాగు అంటే చాలు. ఆ అమ్మాయికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా సర్వీసుంది.

ఇవ్వాళ సద్దుల బతుకమ్మ. వాగులో నిమజ్జనం వద్దని దండోరా వేయించారట, ఆడవాళ్లు చెరువుకు పోతారట.

3 అక్టోబర్, శుక్రవారం

దసరా మర్నాడు. బస్సు దిగేసరికి ఏఈ, వర్క్ ఇన్‌స్పెక్టర్, మాజీ సర్పంచ్, ఓ పదిమంది పిల్లలు.

ఐదు కమాన్లు, ఒక్కొక్కటీ ముప్పై అడుగులు. చెక్కిన నల్లరాయి, సున్నం గచ్చు. పిట్టగోడలో ఉర్దూ అక్షరాల రాతిపలక. చాయ్ హోటల్ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చదివి పెట్టాడు: 1339 ఫస్లీ. ఐదువందల తొంభై కలిపితే 1929.

పైన తిరిగాం. పిట్టగోడ రెండుచోట్ల పోయింది. తారు లేచింది. ఎగువ పక్క కమాన్లలో మూడింటికి సగం దాకా తుమ్మకొమ్మలు, గుర్రపుడెక్క, చీరలు, సిమెంటు సంచులు. మాజీ సర్పంచ్ పిట్టగోడ చూపించి, "గిది కట్టిస్తే అయిపాయె సార్, బస్సు నడుస్తది" అన్నాడు. ఊళ్లో అందరికీ కనిపించేది అదే. ఎస్టిమేటులో ముందు పడేదీ అదే. వంతెనలు పిట్టగోడ లేక పడిపోయిన దాఖలా నేను చూడలేదు.

కిందికి దిగాం. వాగు మోకాలి లోతుకు వచ్చింది. పియర్ల చుట్టూ ఇసుక చదునుగా, శుభ్రంగా. "చూశారా సార్, కోత ఏం లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అదే మోసం. వరద ఉధృతంగా ఉన్నంతసేపు పియర్ చుట్టూ గుంత పడుతుంది. వరద తీస్తున్నకొద్దీ నీటి వేగం తగ్గి, అది మోసుకొచ్చే ఇసుకను అదే గుంతలో వదిలేస్తుంది. మనం వెళ్లేసరికి నేల చదును. కన్నంతో పాటు సాక్ష్యాన్నీ పూడ్చేసి పోతుంది వాగు. ఎంత లోతు తవ్విందో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇనుప కడ్డీ తెప్పించాను. మొదటి పియర్ దగ్గర అడుగున్నర దిగి టంగుమంది, గట్టి మొరం. రెండో పియర్ ఎగువ మూల దగ్గర కడ్డీ ఒత్తకుండానే దిగిపోయింది, ఇంకా దిగింది. చేతిలో పట్టు మాత్రమే మిగిలింది. ఎవరూ మాట్లాడలేదు. ఏఈ వైపు చూశాను. ఆమె అప్పటికే పుస్తకంలో రాసుకుంటోంది.

4 అక్టోబర్

ఈదేవాడు కావాలన్నాను. చేపలు పట్టే కుర్రాడిని పట్టుకొచ్చారు. రెండో పియర్‌కు అవతల మడుగు లోతుగా ఉంది, అక్కడి నుంచి మునిగాడు. రెండుసార్లు ఊపిరి తీసుకుని మూడోసారి పైకొచ్చి అన్నాడు: "సారూ, రాయి కింద చెయ్యి పోతున్నది. భుజం దాక పోయింది, అవతల ఏం తాకలే."

పునాది రాయి కింద నేల లేదు. ఎంత మేర లేదో తేలాలి. వాడి మూరతో కొలిపించాం, ఎగువ వైపు పునాది పొడవులో మూడో వంతు బోలు.

ఏఈ వెంటనే డివిజన్‌కు ఫోన్ చేసి భారీ వాహనాలు ఆపించింది. మోటార్ సైకిళ్లు, నడిచేవాళ్లు తప్ప ఎవరూ వద్దని బోర్డు. సాయంత్రానికి పంచాయితీ మొదలు. బస్సు లేకపోతే పిల్లలు కాలేజీకి ఎట్ల పోతరు, పత్తి ఎట్ల అమ్మాలె. ఇవి ఉత్త గొడవలు కావు. చుట్టూ తిరిగిపోతే పద్దెనిమిది కిలోమీటర్లు.

కుర్రాడికి డబ్బిస్తే తీసుకోలేదు. "బ్రిడ్జి మాది గదా" అన్నాడు. బలవంతాన జేబులో పెట్టాను. ప్రభుత్వ పని ఊరికే చేయించుకునే అలవాటు మా శాఖకు మంచిది కాదు.

6 అక్టోబర్

ఇంటికొచ్చి పడక కుర్చీలో కూర్చుని కొన్ని రాసిపెట్టుకుంటున్నాను, ఏఈకి పంపాలి.

కమాను రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. బరువు పెరిగితే ఇంకా బిగుస్తాయి. అందుకే అప్పట్లో ఎడ్లబండ్ల కోసం కట్టినవి ఇప్పుడు లారీలనూ మోస్తున్నాయి. కమాను తట్టుకోలేనిది ఒక్కటే, కింద కాళ్లు కదలడం. పియర్ రెండంగుళాలు వాలినా పైన రాళ్ల మధ్య ఒత్తిడి గీత తప్పుతుంది. పగుళ్ల లెక్కా దీని ప్రకారమే. బండ్లు పోయే దిశలో, పక్కగోడ అంచు వెంట పగులు ఉంటే గోడ బయటికి నెట్టుకుంటోందని అర్థం, కంగారు పడాలి గానీ పరుగెత్తనక్కర్లేదు. కమాను కడుపులో అడ్డంగా పగులు ఉంటే కాళ్లు కదిలాయి. అప్పుడు పరుగెత్తాలి.

మా రెండో పియర్ మీద అడ్డ పగులు కనిపించలేదు. కనిపించలేదు అంటున్నాను, లేదు అనడం లేదు. నాచు గీకి చూడాలి.

ఇంకోటి. వరదలో మునిగిన రాయి మూడో వంతుకు పైగా బరువు పోగొట్టుకుంటుంది. తన బరువే తన బలమైన కట్టడానికి అది సరిగ్గా అవసరమైన వేళ బరువు తగ్గుతుంది. నీళ్లు పైనుంచి పారినప్పుడు ప్రమాదం అందుకే రెండింతలు.

తీశాకా ప్రమాదమే. వాగు గబగబా దిగిపోతుంది కానీ కమాను మీద నింపిన మట్టి తడిసి, నీళ్లు తూముల్లోంచి బయటికి రాలేక పక్కగోడల్ని నెడుతుంది. తూములు మూసుకుపోయి ఉంటే మరీను. వరద పోయాక రెండు రోజులకు పక్కగోడ కూలిన వంతెన ఒకటి నా సర్వీసులో చూశాను. ఎండ కాస్తుండగా కూలింది.

9 అక్టోబర్

కోత ఎంత లోతు పోవచ్చని లెక్క కట్టాను. లేసీ సూత్రం. మీటరు వెడల్పుకు సెకనుకు ఆరు ఘనమీటర్లు, నడితరం ఇసుక అనుకుంటే సగటు కోత వరద మట్టం నుంచి 4.1 మీటర్లు. పియర్ దగ్గర దానికి రెట్టింపు, 8.2. మొన్నటి వరద గుర్తు నుంచి వాగు అడుగుకు నాలుగున్నర. అంటే అడుగు కింద ఇంకా మూడున్నర మీటర్లకు పైగా తవ్వే అవకాశముంది. కింద మొరం గట్టిగా ఉన్నచోట అంత పోదు. లేసీ సూత్రం పుట్టింది ఉత్తరాది ఒండ్రునేలల్లో, మన రాతినేలకు అది పైహద్దు మాత్రమే.

లేసీ తన సూత్రాన్ని ప్రకటించింది కూడా 1930 ప్రాంతంలోనే. అంటే ఈ వంతెన కట్టిన నిజాం ఇంజనీరు దగ్గర ఆ లెక్క లేదు. గట్టి నేల తగిలేదాకా తవ్వించి అక్కడ ఆపి ఉంటాడు. తొంభై ఆరేళ్లు ఆ నిర్ణయం నిలిచింది. మరి ఇప్పుడెందుకు బోలు పడింది?

జవాబు పియర్ల మీదే రాసి ఉంది. నేల నుంచి మనిషెత్తు దాకా రాయి కొత్తగా, లేతరంగులో ఉంది. దాని పైన ఎండకూ వానకూ నల్లబడిన రాయి. ఆ గీతే ఒకప్పటి వాగు అడుగు. పంటి చుట్టూ చిగురు జారినట్టు ఇసుక దిగిపోయింది. వాగు తవ్వింది కాదు, ట్రాక్టర్లు తవ్వాయి. వంతెనకు ఇంత దూరంలో ఇసుక తీయకూడదని నిబంధన ఉంది. రాత్రిపూట నిబంధనలు కనబడవు.

13 అక్టోబర్

ఫోన్‌లో వాదన. పై ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారట: "బండరాళ్లు నాలుగు టిప్పర్లు తెప్పించి పియర్ చుట్టూ పోయించెయ్యండి."

ఎప్పుడూ ఇదే. రాళ్లు గుట్టగా పోస్తే నీటి దారి ఇరుకవుతుంది. ఇరుకైన చోట వేగం పెరుగుతుంది. రెండో పియర్‌ను కాపాడి మూడో పియర్‌ను తవ్విస్తాం. వేగం రెట్టింపైతే నీరు కదిలించగల రాయి బరువు అరవై నాలుగు రెట్లు పెరుగుతుంది. టిప్పరులో వచ్చే కంకరబండలు మొదటి వరదకే కిందికి పోతాయి, పోతూ పోతూ పునాదికి తగులుతాయి.

ఆమెకు చెప్పిన వరస: ముందు కమాన్లలో చెత్త తీయించాలి, అది ఎస్టిమేటు లేకుండా ఉపాధి కూలీలతోనే అవుతుంది. తర్వాత ఇసుకబస్తాలతో వాగును ఒక పక్కకు మళ్లించి పునాది బయట పెట్టాలి. బోలులో ఇసుక కడిగేసి కాంక్రీటు నింపాలి, చివరికి గొట్టం పెట్టి పల్చటి సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించాలి, పైన గాలి మిగలకుండా. ఆ తర్వాతే రాయి. అదీ గుట్టగా కాదు, వాగు అడుగు మట్టానికే పరవాలి. 40 కిలోలకు తక్కువ రాయి వద్దు, అది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మాట. దొరక్కపోతే తీగ బుట్టల్లో నింపాలి. ఎగువా దిగువా అడ్డగోడలు గట్టి మొరం దాకా దించాలి.

పరుపుగా వేసిన రాయికి ఒక గుణముంది. అంచున కోత పడితే తనే జారి ఆ వాలు మీద కప్పుకుంటుంది. కదలడం దాని పని. అది కదిలిందని కంట్రాక్టరును తిట్టే ఆడిట్ వాళ్లకు ఈ సంగతి నేను సర్వీసంతా చెబుతూనే ఉన్నాను.

17 అక్టోబర్

బోర్డు పీకేశారట. ఇసుక ట్రాక్టర్ల వాళ్లే అయ్యుంటారని ఏఈ అనుమానం. రెండు వైపులా రైలు పట్టాలు అడ్డంగా పాతించమన్నాను. ఇనుముకున్న గౌరవం అక్షరానికి లేదు.

29 అక్టోబర్, బుధవారం

మొంథా తుపాను. రాత్రి నుంచి ఒకటే వాన. వరంగల్ కాలనీలు మునిగాయి, డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు.

ఇరవై ఏళ్ల కింద ఇదే తేదీ. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర రేపల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చే డెల్టా ప్యాసింజర్. చెరువు నీళ్లు విరుచుకుపడి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. డ్రైవరుకు చీకట్లో పట్టాలే కనిపించాయి, కింద వంతెన లేదని కనిపించలేదు. వందమందికి పైగా చచ్చిపోయారు. ఆ రోజు ఆ దారిలో జీపులో వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. దాని గురించి ఇంతకంటే రాయను.

చిన్న వంతెన కాబట్టే. గోదావరి మీది వంతెనకు రాత్రీపగలూ మనిషుంటాడు. ఊరి చెరువు కింద రెండు కమాన్ల మోరీకి ఎవరుంటారు? పైన చెరువు ఎవరిదో, కింద వంతెన ఎవరిదో, ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర ఉండదు. వాన పడిన రాత్రి చెరువు కట్ట తెగబోతోందని ముందు తెలిసేది ఊరివాడికి. వాడు ఎవరికి చెప్పాలి?

సాయంత్రం ఏఈ ఫోన్. వాగు కమాను సగానికొచ్చింది. రాత్రికి మనిషిని కాపలా పెట్టింది, మోటార్ సైకిళ్లను కూడా ఆపింది. పియర్ మీద తెల్లరంగుతో అడుగుల గీతలు వేయించిందట, గంటగంటకూ రాయిస్తోంది. బాగుంది. రైల్వేవాళ్లు వంతెనల మీద వేసే గీత అది. రోడ్డు వంతెనలకు వేయడానికి డబ్బా రంగు కూడా ఖర్చు కాదు, ఎవరూ వేయరు.

30 అక్టోబర్

నిలబడింది.

4 నవంబర్

సావిత్రి నది వంతెన గుర్తొస్తోంది. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర. 1928లో కట్టిన రాతి కమాన్ల వంతెన, మాదానికి ఒక్క ఏడాది పెద్దది. 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో కూలింది, రెండు ఆర్టీసీ బస్సులు, కొన్ని కార్లు చీకట్లో నేరుగా నదిలోకి పోయాయి. పక్కనే కొత్త వంతెన నిక్షేపంగా ఉంది. పాతదాన్ని మే నెలలో తనిఖీ చేసి ప్రమాదం లేదన్నారు. మే నెలలో నది అడుగు ఎండి చదునుగా ఉంటుంది మరి.

వానలకు ముందు ఒక తనిఖీ, తర్వాత ఒకటి అని నిబంధనల్లో ఉంది. నాకు ఛాయిస్ ఇస్తే ముందరిది వదిలేసి తర్వాతిది రెండుసార్లు చేయిస్తాను. వరద తీసిన వారంలో ఒకసారి, కడ్డీతో. ఇసుక సర్దుకోక ముందే.

16 నవంబర్, ఆదివారం

పురానా పూల్ వైపు పోయాను. వంతెన మీద ఎప్పటిలాగే కూరగాయల అంగడి. వాహనాలు పక్కన వేసిన వంతెన మీద పోతాయి. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ మంచిదే. పాత వంతెనకు పెన్షన్ ఇవ్వడమంటే ఇదే, పని పూర్తిగా మాన్పించకుండా భారం తగ్గించడం. జనం తిరిగే చోట పగులైనా, మొక్కైనా ఎవరో ఒకరి కంట పడుతుంది. గేటు వేసి తాళం పెట్టిన వారసత్వ కట్టడం లోపల్లోపలే చస్తుంది.

రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన సంగతీ ఇంతే. 1897లో కట్టడం మొదలై, 1900 నుంచి రైళ్లు నడిపించి 1997లో ఆగిపోయింది. ఆగాక దాన్ని ఏం చేయాలన్న మాటలు మాత్రం ఆగలేదు.

ఒకామెను బెండకాయలు ఎంతని అడుగుతూ, వరద రోజు ఇక్కడున్నారా అన్నాను. "ఈడనే ఉన్న. నీళ్లొస్తయ్ పోతయ్ బిడ్డా, పూల్ యాడికి పోతది?" అంది. ఆమె ధైర్యం నాకు లేదు, పునాదులు చూసినవాణ్ని.

28 నవంబర్

పని మొదలైంది. వాగు మళ్లించారు. రెండో పియర్ పునాది మొత్తం బయటపడింది. కుర్రాడి చెయ్యి అబద్ధం చెప్పలేదు. మూడో వంతు అన్నాడు, టేపు పెడితే అంతకంటే కొంచెం ఎక్కువే. మూడో పియర్ కింద కూడా జానెడు ఖాళీ ఉంది, దాన్ని కడ్డీ పట్టుకోలేదు.

కమాను కడుపు నాచు గీకించారు. రెండో కమానులో అడ్డంగా వెంట్రుకవాసి గీత. పాతదో కొత్తదో? గాజు పలక అతికించి తేదీ వేయించాను. కదలిక ఉంటే గాజు పగులుతుంది. ఇంతకు మించిన యంత్రం మా కాలంలో లేదు, ఇప్పుడు ఉన్నా ఈ వాగు దాకా రాదు.

5 డిసెంబర్

సున్నం తగాదా. కంట్రాక్టరు రాళ్ల సందుల్లో సిమెంటు కూరుతున్నాడు. చూడ్డానికి నున్నగా, ఫొటోకు బాగుంటుంది. ఆపించాం.

సున్నం గచ్చు మెత్తన. గోడలోని చెమ్మ దాని గుండా బయటికి పోతుంది. కొద్దిపాటి కదలికకు అది ఒదుగుతుంది, సన్నటి చీలికలు తనంతట తానే పూడ్చుకుంటుంది. సిమెంటు సున్నం కంటే మొండి. చెమ్మను లోపలే బంధిస్తుంది. ఒత్తిడి వస్తే సందు పగలదు, రాయి అంచు పగులుతుంది. కొన్నేళ్లకు ఆ సిమెంటు పెచ్చు ఊడొచ్చేటప్పుడు రాతి ముఖాన్ని కూడా తీసుకుని ఊడుతుంది. పునాది కింద నీళ్లలో సిమెంటే కావాలి, వాదన లేదు. పైన సందుల్లో మాత్రం సున్నమే.

డంగు సున్నం తెలిసిన మేస్త్రి కోసం నాలుగు ఊళ్లు అడిగాం. గుళ్ల పనులు చేసే ముసలాయన దొరికాడు. సున్నం ముందుగా తడిపి మురగబెట్టాలి, అన్నిరోజులు ఆగితేనే వస్తా అన్నాడు. కరక్కాయ, బెల్లం లెక్క చెప్పాడు. కంట్రాక్టరు ముఖం చూడాల్సింది, ఎస్టిమేటులో బెల్లానికి కోడ్ నంబరు లేదు.

రావిమొక్కల సంగతి కూడా ఆయనే చెప్పాడు. పిట్టగోడ సందుల్లో పిట్టలు వేసిన గింజలు. వేలెడు ఉన్నప్పుడు చేత్తో వస్తాయి. చెయ్యంత అయ్యాక గుంజితే రాయితో సహా వస్తాయి, కాండం కోసి వేరుకు మందు పెట్టాలి. ఎగువ పక్క ఒకటి తొడంత ఉంది. దానికి దారం కట్టి పసుపుకుంకుమలు పెట్టారు. కోయడానికి కూలీలెవరూ ముందుకు రాలేదు. మేస్త్రి స్నానం చేసొచ్చి, ఏదో చదివి, కొమ్మ ఒకటి తీసి వాగు గట్టున నాటి, తర్వాత కోశాడు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

12 డిసెంబర్

నిన్న పంచాయతీ ఎన్నికల మొదటి విడత. ఈ ఊరి వంతు ఇంకా రాలేదు. పోటీలో ఉన్న ముగ్గురూ కొత్త వంతెన తెస్తామంటున్నారు. పాతదాన్ని చూసుకుంటామని ఒక్కరూ అనలేదు. కొత్తది రావాలి, కాదనను. బస్సులకూ లారీలకూ అదే కావాలి. వచ్చేదాకా మోసేది ఇదే కదా.

అడ్డగోడల తవ్వకంలో గట్టి మొరం తగిలింది, పాత ఇంజనీరు ఆపిన మట్టమే.

20 జనవరి 2026

పండగ ముగిసి కూలీలు తిరిగొచ్చారు. పియర్ల కింద పోత అయిపోయింది. రాతి పరుపు సగం పడింది. గాజు పలక పగల్లేదు. సున్నం పని మార్చి దాకా సాగుతుంది, ఎండ ముదరకముందే తేల్చాలి. తూములన్నీ తెరిచారు, ఒకదాంట్లోంచి తేలు, ఒకదాంట్లోంచి 1980ల నాటి బీరు సీసా.

ఏఈ ఒక రిజిస్టరు తెరిచింది. ఒక్కో పియర్‌కు ఒక్కో పేజీ. వాగు అడుగు మట్టం, కడ్డీ దిగిన లోతు, తేదీ, కొలిచిన మనిషి పేరు. మొదటి పేజీలో ఆ ఈతగాడి పేరు రాసింది. ఆమెకు బదిలీ వస్తే ఆ రిజిస్టరు తర్వాతి మనిషికి సంతకంతో అందాలి. నా సర్వీసులో వంతెన ఫైళ్లు చాలా పోయాయి, వాటితో పాటే ఏ పియర్ ఏ లోతున నిలబడిందో కూడా.

ఈసారి పరీక్షించి వంతెనకు పది టన్నుల హద్దు పెడతారు. చిన్న బస్సు నడుస్తుంది. ఇసుక లారీ నడవదు. ఊరివాళ్లకు నా మనవి రెండే. వంతెనకు ఎగువనా దిగువనా ఇసుక తీయనివ్వకండి. ఈసారి పెట్టే బోర్డు పీకకండి.